బుట్ట గాల్లో ఉన్నప్పుడు

క్లిఫ్ స్టాథర్స్‌ని మీరు టీవీలో చూసుంటారు.
నేను చూసింది హల్ రేవులో, రాత్రి రెండింటికి,
చెక్క బూట్లేసుకుని, పిక్కల దాకా ఐసుముక్కల్లో,
చేపల ఓడ కడుపులో నిలబడి
కాడ్ చేపల్ని బుట్టకెత్తుతుండగా.

అంతకుముందు బొగ్గు మోశాడు,
ట్రాముల షెడ్డులో నేల కడిగాడు,
శవపేటికలకి వార్నిష్ పూశాడు కొన్నాళ్ళు.
"అక్కడ ఒక్కడూ నవ్వేవాడు కాదురా" అనేవాడు.

మా పనిలో చెప్పుకోడానికేం లేదు.
కింద మేం నింపుతాం. వించి లాగుతుంది.
బుట్ట లేస్తుంది, ఊగుతుంది,
పైనున్నవాడు ఒడుపు చూసి గట్టుకి లాక్కుంటాడు.
అది గాల్లో ఉన్నంతసేపూ
ఎవడూ నోరు మెదపడు.

క్లిఫ్ మాత్రం సరిగ్గా దానికి ముందే మొదలెట్టి
సరిగ్గా అప్పుడే ఆపేవాడు.

"చీకట్లో కూడా మా ఆవిడ
నన్ను ఇట్టే పోల్చుకుంటుంది..."

బుట్ట లేచేది.
మెడలు నిక్కించి, ఊపిరి బిగబట్టి,
చూస్తున్నది బుట్టనో, మాటకోసమో
తెలిసేది కాదు మాకు.
ధబ్బున గట్టు మీద పడేది.

"...నేనింకా వీధి మొదట్లో ఉండగానే."

ఒకసారి ఎర్నీ బ్లాంచర్డ్ ముందే నవ్వేశాడు.
ఒళ్ళు మరిచి ఒక్కడుగు ముందుకేశాడు.
బుట్ట అంచు భుజానికి తగిలింది.
ఆ చెయ్యి మళ్ళీ తలదాకా లేవలేదు.
క్లిఫ్ నెలరోజులు గొంతు విప్పలేదు.
విప్పాక, ఆ ఆపడం
ఇంకో రెండు క్షణాలు పెరిగింది.

హెస్సెల్ రోడ్డు క్లబ్బులో మొదటి శుక్రవారం.
ఎన్ని సబ్బులరగదీసినా వాసన వదల్లేదు.
ముందు బల్లవాళ్ళు లేచి వెనక్కి జరిగారు.
"అయ్యా, నేనింకా నోరే తెరవలేదు" అన్నాడు.
కూలీ మూడు పౌన్లు, బీరు ఉచితం.

తర్వాత లీడ్స్‌లో రేడియో.
అక్కడ వాసనతో పేచీ లేదు.
పేచీ అంతా ఆర్మరాడ్ గారని ఒకావిడతో,
మెడలో స్టాప్‌వాచ్ వేలాడేసుకున్న పెద్దమనిషి.
"అంతసేపు మాట్లాడకపోతే, స్టాథర్స్ గారూ,
సెట్టు చెడిపోయిందనుకుని తట్టి చూస్తారు జనం."
"తట్టనివ్వండమ్మా.
తట్టినవాడు చెవి దగ్గరికి తెస్తాడు."

ఆ చలికాలమంతా
మా వీధిలో ప్రతి ఇంట్లోనూ
ఎవరో ఒకరు రేడియో నెత్తిన ఒక్కటిచ్చుకున్నారు.

ఇక టీవీ. మాంచెస్టర్.
మొహానికి పౌడరు, మెడకి సీతాకోకచిలుక టై,
చేతికి రబ్బరు చేప.
ఆరోజు పదకొండుమందిమి పని బట్టల్లోనే
క్లబ్బులో గోడకున్న పెట్టె కింద నిలబడ్డాం.
ఎర్నీకి కుర్చీ వేశాం.

"చీకట్లో కూడా మా ఆవిడ
నన్ను ఇట్టే పోల్చుకుంటుంది..."

నవ్వులు!
ఎక్కడో డబ్బాలో దాచిన నవ్వులు,
వందమంది ఒక్కసారిగా,
బుట్ట ఇంకా గాల్లో ఉండగానే.

నేనైతే రెండడుగులు వెనక్కేశాను.
పక్కవాడూ వేశాడు. పదిమంది బూట్లూ
చెక్క నేల మీద ఒకేసారి టకటకలాడాయి.
ఎర్నీ మంచి చేత్తో
చెడ్డ భుజాన్ని కప్పుకున్నాడు.

మిగతా మాట అన్నాడో లేదో, మాకు వినపడలేదు.
కానీ అంత వెలుగులో, అంత పౌడరు కింద,
క్లిఫ్ కళ్ళు మాత్రం ఒక్కసారి పైకి లేచాయి,
దేన్నో దిగేదాకా చూశాయి.

కెమెరా వెనకవాడికి అక్కడ
దీపాలు తప్ప ఏం కనపడుంటాయి?